ల్యాప్‌టాప్‌లో గురుత్వ తరంగాల నేపథ్యాన్ని వెతకడం ఎలా? గోదావరి డెల్టా విద్యార్థులకు సమగ్ర మార్గదర్శి

రాజమహేంద్రవరం, కాకినాడ, అమలాపురం, భీమవరం కాలేజీల్లో భౌతికశాస్త్రమో ఇంజినీరింగో చదివే విద్యార్థులు పదేపదే అడిగే ప్రశ్న ఒకటుంది: "విశ్వమంతా పరచుకున్న గురుత్వ తరంగాల నేపథ్యాన్ని మేమూ వెతకగలమా? ఎక్కడ మొదలుపెట్టాలి?"

వెతకగలరు. స్థలకాలంలో పుట్టే అలలే గురుత్వ తరంగాలు; అన్ని దిక్కుల నుంచీ వచ్చే అవి కలిసి చేసే సన్నని హోరే ఈ నేపథ్యం. దాన్ని వెతకడానికి సొంత టెలిస్కోపు అక్కర్లేదు. పల్సర్లను, అంటే వేగంగా తిరుగుతూ క్రమం తప్పక రేడియో స్పందనలు పంపే మృత నక్షత్రాలను, ఏళ్ల తరబడి గమనించిన బృందాలు తమ కొలతలను అందరికీ అందుబాటులో పెట్టాయి. ఆ కొలతలు, ఉచిత సాఫ్ట్‌వేర్, ఓ మోస్తరు కంప్యూటర్, కొన్ని నెలల ఓపిక ఉంటే చాలు. మీరు కొత్తగా కనిపెట్టేది ఉండకపోవచ్చు. కానీ ప్రపంచంలోని పెద్ద బృందాలు చేసిన విశ్లేషణను మొదటి నుంచి చివరి దాకా మీ చేతులతో చేసి, ప్రతి అంకె ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పగలిగే స్థితికి చేరతారు.

ఇంకో సందేహం కూడా తరచూ వస్తుంది: "లైగో లాంటి పరికరం నమూనా మన దగ్గర కట్టలేమా?" కిలోమీటర్ల పొడవు చేతుల్లో లేజర్ కాంతితో కొలిచే లైగో సుమారు 10 హెర్ట్జ్‌కు పైన ఉండే తరంగాలను పడుతుంది. మనం ఇక్కడ వెతికేవి ఏళ్లకోసారి ఊగే తరంగాలు, నానోహెర్ట్జ్ స్థాయివి. వాటికి భూమి మీద ఏ పరికరం పొడవూ చాలదు. వేల కాంతి సంవత్సరాల దూరంలోని పల్సర్లే మన పరికరం.

## 1. ఏం వెతుకుతున్నారో ముందు కాగితం మీద రాయండి

మిల్లీసెకను పల్సర్ సెకనుకు వందల సార్లు తిరుగుతూ, తిరిగిన ప్రతిసారీ ఒక రేడియో స్పందన పంపుతుంది. ఆ స్పందన ఎప్పుడు రావాలో ముందే లెక్కగట్టవచ్చు. నిజంగా వచ్చిన సమయం నుంచి లెక్కలోని సమయాన్ని తీసేస్తే మిగిలేదాన్ని శేషం అంటాం. గురుత్వ తరంగం దాటినప్పుడు ఆ శేషంలో చిన్న తేడా కనిపిస్తుంది. మనం వెతికే నేపథ్యం పదిహేనేళ్లలో తెచ్చే తేడా వందల నానోసెకన్లు మాత్రమే. 100 నానోసెకన్లలో కాంతి వెళ్లేది 30 మీటర్లు.

రెండు గుర్తులు వెతకాలి.

మొదటిది, అన్ని పల్సర్ల శేషాల్లోనూ ఒకే తరహా నెమ్మదైన ఊగిసలాట. దీన్ని ఉమ్మడి వర్ణపటం అంటాం.

రెండోది, ఏ రెండు పల్సర్లు తీసుకున్నా వాటి ఊగిసలాటల మధ్య పోలిక ఆకాశంలో వాటి మధ్య కోణాన్ని బట్టి ఒక నిర్దిష్ట వక్రరేఖలో మారడం. 1983లో హెలింగ్స్, డౌన్స్ లెక్కించి చూపిన రేఖ ఇది.

మొదటి గుర్తు సూచన మాత్రమే, రుజువు రెండోదే. ఈ తేడా మనసులో లేకుండా మొదలుపెట్టినవాళ్లు ఉమ్మడి వర్ణపటం కనిపించగానే పని అయిపోయిందనుకుంటారు.

ఎంత బలమైన ఫలితం వస్తే ఏమని చెబుతారో కూడా ఇప్పుడే రాసి తేదీ వేయండి. ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగులకు, రెండోది 13.75కు, మూడోది 17.75కు అని ముందే నిర్ణయమై ఉంటుంది. వరద వచ్చాక ఎవరూ ఆ గీతలు జరపరు. మీ గీతలూ డేటా తెరవక ముందే గీసుకోవాలి. భౌతికశాస్త్రంలో "కనుగొన్నాం" అనడానికి వాడుకలో ఉన్న గీత 5 సిగ్మా (సిగ్మా అంటే ప్రామాణిక విచలనం). 3 సిగ్మా దగ్గర "ఆధారం ఉంది" అంటారు.

## 2. సరంజామా

చదువు విషయంలో కావలసినవి మూడు: కనిష్ఠ వర్గాల పద్ధతి, ఫూరియర్ విశ్లేషణ, బేయస్ సంభావ్యత. మూడూ డిగ్రీ స్థాయివే. సాధారణ సాపేక్షత సమీకరణాలు సాధించాల్సిన అవసరం లేదు.

కంప్యూటర్‌లో 16 జీబీ మెమొరీ ఉంటే హాయిగా పని సాగుతుంది. 8 జీబీ ఉంటే తక్కువ పల్సర్లతో మొదలుపెట్టండి. లినక్స్ మంచిది, విండోస్ ఉన్నవారు దానిలోపలే లినక్స్‌ను నడిపించుకోవచ్చు.

సాఫ్ట్‌వేర్:

- రాక సమయాల లెక్కకు పింట్ లేదా టెంపో2
- టెంపో2ను పైథాన్ నుంచి నడపడానికి, కృత్రిమ డేటా తయారీకి లిబ్‌స్టెంపో
- నాయిస్ (మనం వెతికే సంకేతం కాని ఊగిసలాట) నమూనాలకు, నేపథ్యం వెతకడానికి ఎంటర్‌ప్రైజ్, దాని అనుబంధ ప్యాకేజీ
- పారామీటర్ల సంభావ్య విలువలను యాదృచ్ఛికంగా ఏరుతూ పోవడానికి పీటీఎంసీఎంసీ శాంప్లర్ (అలా ఏరిన విలువల వరుసే శృంఖలం)

వీటిని కోండా (ప్యాకేజీలను స్థాపించే ప్రోగ్రాము) ద్వారా ఒకే ప్రత్యేక వాతావరణంలో స్థాపించండి. ఏ ప్యాకేజీ ఏ వెర్షనో ఒక ఫైల్లో రాసుకోండి. ఆరు నెలల తర్వాత ఫలితం మారితే కారణం వెతకడానికి ఆ ఫైలే దారి చూపుతుంది.

మన ప్రాంతానికి ప్రత్యేకించి చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి. ఈ లెక్కలు రోజుల తరబడి నడుస్తాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్ల కాలం. కోనసీమ లంక గ్రామాల్లో, నరసాపురం వైపు తీర గ్రామాల్లో గాలివాన వస్తే కరెంటు ఎప్పుడు తిరిగి వస్తుందో చెప్పలేం. కాబట్టి శాంప్లర్‌లో ఆగిన చోటు నుంచి తిరిగి మొదలుపెట్టే సదుపాయాన్ని మొదటి రోజు నుంచే ఆన్ చేసి ఉంచండి. పనిగట్టుకుని ఒకసారి ప్రోగ్రామును మధ్యలో ఆపి, అది నిజంగా అక్కడి నుంచే సాగుతోందో లేదో చూడండి.

ఇంటర్నెట్ గురించీ ఒక మాట. పింట్ నడుస్తున్నప్పుడు గడియారాల సవరణ ఫైళ్లను, భూభ్రమణ పట్టికలను, గ్రహస్థానాల పట్టికను నెట్ నుంచి తెచ్చుకుంటుంది. నెట్ బాగున్న రోజున ఒకసారి మొత్తం నడిపి అవన్నీ కంప్యూటర్‌లో నిలవ ఉండేలా చూసుకోండి. అవి లేకుండా వచ్చే హెచ్చరికలను పట్టించుకోకపోతే శేషాలు మైక్రోసెకన్ల మేర తప్పుతాయి. మనం వెతికేది అంతకన్నా చిన్నది.

## 3. ఏ డేటాతో మొదలుపెట్టాలి

ఉత్తర అమెరికా పల్సర్ బృందం నానోగ్రావ్ 2023లో విడుదల చేసిన 15 ఏళ్ల డేటా మొదటి ఎంపిక. ఇందులో 68 పల్సర్లు ఉన్నాయి, నేపథ్యం వెతకడానికి వాడినవి 67. కొలతలు 2004 నుంచి 2020 వరకు సాగాయి. ఫైళ్లు శుభ్రంగా అమర్చి ఉంటాయి, పక్కనే పాఠాలూ ఉంటాయి.

రెండో ఎంపిక మన దేశపు ఇన్‌ప్టా బృందం 2022లో ఇచ్చిన మొదటి విడుదల. పుణె దగ్గర ఖోడద్‌లో 45 మీటర్ల వ్యాసం గల 30 డిష్‌లతో ఉన్న జీఎంఆర్‌టీ రేడియో టెలిస్కోపు ద్వారా 14 పల్సర్లను మూడున్నరేళ్లు గమనించిన కొలతలివి. నేపథ్యం ఒంటరిగా పట్టడానికి మూడున్నరేళ్లు చాలవు. కానీ తక్కువ పౌనఃపున్యాల్లో కొలిచారు గనుక, నాయిస్ నేర్చుకోవడానికి ఇంత మంచి డేటా మరొకటి నాకు తెలియదు.

మొదటి నెల అయిదారు పల్సర్లు మించి పెట్టుకోవద్దు. జె1909−3744, జె1713+0747, జె0437−4715 తప్పనిసరిగా ఉండనివ్వండి (పేర్లలోని అంకెలు ఆకాశంలో వాటి స్థానం). వీటిలో చివరిది మనకు అతి దగ్గరి మిల్లీసెకను పల్సర్, 5.76 మిల్లీసెకన్లకోసారి తిరుగుతుంది. అమలాపురం నుంచి చూస్తే దక్షిణాన సుమారు 26 డిగ్రీల ఎత్తుకు చేరుతుంది. కంటికి కనిపించదు, అయినా ఆ దిక్కు తెలిసి పని చేయడం నాకు ఇష్టం, విద్యార్థులకూ చూపిస్తుంటాను.

## 4. రాక సమయాల నుంచి శేషాల దాకా

ప్రతి పల్సర్‌కు రెండు ఫైళ్లుంటాయి. పార్ ఫైల్లో పల్సర్ స్థానం, తిరిగే వేగం, జంట నక్షత్రం ఉంటే దాని కక్ష్య వివరాలు ఉంటాయి. టిమ్ ఫైల్లో రాక సమయాలు, ఒక్కోదాని అనిశ్చితి, కొలిచిన పౌనఃపున్యం, ఏ టెలిస్కోపు, ఏ రిసీవర్ అన్న గుర్తులు ఉంటాయి.

వరుస ఇలా ఉండాలి:

1. పార్ ఫైల్లో గ్రహస్థానాల పట్టిక ఏదో చూడండి. అన్ని పల్సర్లకూ ఒకటే ఉండాలి. 15 ఏళ్ల డేటాలో డీఈ440 వాడారు.
2. గడియారపు ప్రమాణం కూడా అన్నింటికీ ఒకటే అని నిర్ధారించుకోండి.
3. ఫిట్ చేయకుండా శేషాలు గీయండి.
4. ఫిట్ చేసి మళ్లీ గీయండి. రెండు బొమ్మలూ దాచుకోండి.
5. ఒక్కో రిసీవర్‌కు ఒక్కో రంగు వేసి మూడోసారి గీయండి.

అయిదో అడుగును చాలామంది వదిలేస్తారు, వదలకండి. రిసీవర్ మారిన తేదీన శేషాల్లో మెట్టు కనిపిస్తే అది పల్సర్‌ది కాదు, యంత్రానిది. ఆ మెట్టుకు పార్ ఫైల్లో ఒక జంప్ పారామీటర్ ఉండాలి.

ఫిట్ చేసినప్పుడు పల్సర్ వేగం, ఆ వేగం తగ్గే రేటు అనేవి శేషాల్లోని వర్గ సమీకరణపు ఆకారాన్ని తమలో కలిపేసుకుంటాయి. స్థానం ఫిట్ చేస్తే ఏడాదికోసారి ఊగే భాగం పోతుంది. అంటే అతి నెమ్మదైన తరంగంలో కొంత భాగం ఫిట్‌లోనే మాయమవుతుంది. ఎంటర్‌ప్రైజ్ ఈ నష్టాన్ని లెక్కలోకి తీసుకుంటుంది. కాబట్టి ఫిట్ అయిన శేషాలను మీరు సొంతంగా ఫూరియర్ చేసి నిర్ణయాలకు రావద్దు.

## 5. ఒక్కో పల్సర్ నాయిస్: అసలు శ్రమంతా ఇక్కడే

మీ దగ్గర మూడు నెలలుంటే రెండు నెలలు ఈ అడుగుకే ఇవ్వండి. చివర్లో గీసే వక్రరేఖ ఎంత అందంగా వచ్చినా, దాని విలువ ఇక్కడ తయారైన నాయిస్ నమూనాలను మించదు. ఒక్క పల్సర్‌లో పట్టుకోని నాయిస్ నేరుగా నేపథ్యం పద్దులోకి వెళ్లిపోతుంది.

వైట్ నాయిస్. టిమ్ ఫైల్లో ఇచ్చిన అనిశ్చితులు సాధారణంగా తక్కువ అంచనాలు. వాటిని గుణించేది ఈఫ్యాక్, వాటికి వర్గాల రూపంలో కలిపేది ఈక్వాడ్. ఒకే పరిశీలనలో పక్కపక్క పౌనఃపున్యాల్లో తీసిన రాక సమయాలన్నీ కలిసి ఒకే వైపు జరుగుతాయి. దానికి ఈకార్ కావాలి. 15 ఏళ్ల డేటాలో ఆరున్నర లక్షలకు పైగా రాక సమయాలుండడానికి కారణం ఈ పక్కపక్క కొలతలే. ఈకార్ వదిలేస్తే అవన్నీ విడివిడి సాక్ష్యాలని ప్రోగ్రాము నమ్ముతుంది, లేని ఖచ్చితత్వం వస్తుంది. ఈ మూడింటినీ ప్రతి రిసీవర్‌కూ విడిగా పెట్టండి. ఈఫ్యాక్ 1కి దగ్గరగా వస్తే మంచిది. 2 దాటితే ఆ రిసీవర్ కొలతల్లో ఏదో తేడా ఉంది, బొమ్మ తీసి చూడండి.

రెడ్ నాయిస్. పల్సర్ తన తిరుగుడులోనే కొంత తడబడుతుంది. ఇది నెమ్మదిగా మారే నాయిస్, మనం వెతికే సంకేతానికి దగ్గరి పోలిక ఉన్నది. ఊగిసలాట పౌనఃపున్యపు ఘాతంగా మారే పవర్ లా రూపంలో రెండు సంఖ్యలు చాలు: తీవ్రత, వాలు. తీవ్రత సంవర్గమానానికి −20 నుంచి −11, వాలుకు 0 నుంచి 7 అన్న ప్రయర్లు (డేటా చూడక ముందే అనుమతించే విలువల పరిధులు) వాడుకలో ఉన్నవే. ఊగిసలాట పౌనఃపున్యాల సంఖ్య 30 తీసుకోండి. 1.56 మిల్లీసెకన్ల జె1939+2134 లాంటి వాటిలో రెడ్ నాయిస్ చాలా ఎక్కువ. అటువంటి పల్సర్‌ను తీసేయాల్సిన పని లేదు. దాని నాయిస్‌ను సరిగా రాస్తే అది ఫలితాన్ని చెడగొట్టదు.

దారిలోని ఎలక్ట్రాన్ల ప్రభావం. అతి ఎక్కువగా దెబ్బతీసేది ఇదే, కాబట్టి లెక్క చేసి చూద్దాం. పల్సర్‌కూ మనకూ మధ్య ఉన్న ఎలక్ట్రాన్లు రేడియో తరంగాన్ని ఆలస్యం చేస్తాయి. మిల్లీసెకన్లలో ఆలస్యం = 4.15 × డీఎం ÷ (గిగాహెర్ట్జ్‌లలో పౌనఃపున్యం)². ఎలక్ట్రాన్ల మొత్తాన్ని సూచించే డీఎం, తన వాడుక ప్రమాణాల్లో 0.0001 మాత్రమే మారిందనుకోండి. 1.4 గిగాహెర్ట్జ్ దగ్గర ఆలస్యం సుమారు 210 నానోసెకన్లు మారుతుంది. అంటే మనం వెతికే సంకేతమంత. అదే మార్పు 400 మెగాహెర్ట్జ్ దగ్గర సుమారు 2,600 నానోసెకన్లు, పన్నెండు రెట్లు ఎక్కువ.

ఇందుకే తక్కువ పౌనఃపున్యాల కొలతలు అవసరం. అక్కడ డీఎం మార్పు స్పష్టంగా కనిపిస్తుంది, దాన్ని పట్టి పై పౌనఃపున్యంలో తీసేయవచ్చు. జీఎంఆర్‌టీ 300–500 మెగాహెర్ట్జ్‌ల మధ్య, 1260–1460 మెగాహెర్ట్జ్‌ల మధ్య ఒకేసారి చూడడం వల్ల ఒరిగిన లాభం ఇదే. గురుత్వ తరంగం అన్ని పౌనఃపున్యాల్లోనూ ఒకే ఆలస్యం ఇస్తుంది, ఎలక్ట్రాన్లు ఇవ్వవు. ఈ ఒక్క తేడా మీద ఆధారపడే రెండింటినీ విడదీస్తాం.

సౌర పవనం. జె1022+1001 సూర్యుడి దారికి ఒక డిగ్రీ లోపే ఉంటుంది. ఏటా ఒకసారి సూర్యుడు దాని పక్కనుంచి వెళ్తాడు, ఆ రోజుల్లో ఆలస్యం పెరుగుతుంది. ఇలాంటి పల్సర్లకు సౌర పవనపు సాంద్రతను ఒక పారామీటర్‌గా పెట్టండి. సూర్యుడికి మరీ దగ్గరి రోజుల కొలతలను తీసేయవలసి వస్తే ఎన్ని డిగ్రీల లోపు తీశారో రాసి ఉంచండి.

హఠాత్ సంఘటనలు. జె1713+0747లో 2008లో, 2016లో ఆలస్యం ఒక్కసారిగా పడిపోయి నెమ్మదిగా తిరిగి వచ్చింది. 2021 ఏప్రిల్‌లో దాని స్పందన ఆకారమే మారింది. 15 ఏళ్ల డేటా 2020లో ముగుస్తుంది గనుక మూడోది అందులో లేదు. ఆ తేదీ తర్వాతి కొలతలు కలిపితే ఎదురవుతుంది. ఇలాంటివాటికి పడి తేరుకునే ఆకారాన్ని విడిగా నమూనాలో చేర్చాలి. చేర్చకపోతే ఆ మెట్టును రెడ్ నాయిస్ మింగి, వాలు తప్పుగా చూపిస్తుంది.

ఒక్కో పల్సర్ దగ్గర నుంచి లేచే ముందు:

- నాయిస్ తీసేశాక మిగిలిన శేషాలను అనిశ్చితులతో భాగిస్తే సగటు 0, ప్రామాణిక విచలనం 1 దగ్గర ఉందా?
- ఆ మిగిలినదాన్ని పౌనఃపున్యాన్ని బట్టి గీస్తే వాలు ఏమైనా కనిపిస్తోందా?
- రెండు వేర్వేరు ప్రారంభ బిందువుల నుంచి నడిపిన శృంఖలాలు ఒకే చోటికి చేరాయా?
- వైట్ నాయిస్ విలువలను ఫైల్లో భద్రపరిచారా? తర్వాతి అడుగుల్లో వాటిని స్థిరంగా ఉంచుతాం.

## 6. అసలు డేటా కన్నా ముందు కృత్రిమ డేటా

మీ ప్రోగ్రాము సంకేతాన్ని పట్టగలదో లేదో తెలియకుండా అసలు డేటా మీద నడిపితే, వచ్చినదాన్ని నమ్మడానికి ఆధారం ఉండదు.

లిబ్‌స్టెంపోతో అవే పల్సర్లు, అవే తేదీలు, అవే అనిశ్చితులతో కృత్రిమ రాక సమయాలు తయారు చేయండి. మొదట నేపథ్యం లేకుండా, తర్వాత 2.4 × 10⁻¹⁵ తీవ్రత, 13/3 వాలుతో నేపథ్యం కలిపి (ఈ అంకెల సంగతి 7వ అడుగులో). రెండింటి మీదా మీ మొత్తం ప్రోగ్రామును మార్చకుండా నడపండి. లేనప్పుడు లేదని, ఉన్నప్పుడు ఉందని రావాలి.

సమయం ఉంటే ఇంకా ముందుకు వెళ్లండి. వేర్వేరు విలువలతో వంద కృత్రిమ డేటాలు తయారు చేస్తే, మీ 68 శాతం అంతరాల్లో అసలు విలువ దాదాపు 68 సార్లు పడాలి. 90 సార్లు పడితే మీ అనిశ్చితులు అతిగా ఉన్నాయి, 40 సార్లే పడితే ఏదో లెక్క తప్పింది.

## 7. ఉమ్మడి వర్ణపటం

ఇప్పుడు పల్సర్లన్నిటినీ కలపండి. ప్రతి పల్సర్‌కూ దాని సొంత రెడ్ నాయిస్ ఉంటుంది, వాటితోపాటు అందరికీ ఒకే తీవ్రత, ఒకే వాలు గల ప్రక్రియ ఒకటి చేర్చండి. జంటల మధ్య పోలికను ఈ దశలో పెట్టవద్దు. ఉమ్మడి ప్రక్రియకు 14 పౌనఃపున్యాలు చాలు: మొదటిది మొత్తం కాలవ్యవధికి విలోమం, 15 ఏళ్లకు సుమారు 2 నానోహెర్ట్జ్, మిగతావి దాని గుణిజాలు.

వాలును 13/3 దగ్గర స్థిరంగా ఉంచి ఒకసారి, వదిలేసి ఒకసారి నడపండి. మహాకాయ కృష్ణబిలాల జంటలు గురుత్వ తరంగాల వల్లే దగ్గరవుతూ ఉంటే రావలసిన వాలు 13/3.

ఇక్కడ పెద్ద గందరగోళం ఒకటి ఉంది. నానోగ్రావ్ 15 ఏళ్ల ఫలితంలో వాలు 13/3 అనుకుంటే తీవ్రత 2.4 × 10⁻¹⁵. వాలును వదిలేస్తే వాలు 3.2కు, తీవ్రత 6.4 × 10⁻¹⁵కు వచ్చాయి. రెండూ ఒకే డేటా, ఒకే సంకేతం. తీవ్రతను ఏడాదికోసారి ఊగే పౌనఃపున్యం దగ్గర చెప్పడం ఆనవాయితీ. సంకేతం బలంగా ఉన్నది అంతకన్నా చాలా కింద. వాలు కొంచెం మారితే ఆ దూరపు బిందువు దగ్గర విలువ బాగా మారుతుంది. కాబట్టి వాలు చెప్పకుండా తీవ్రత ఒక్కటే ఎవరికీ చెప్పకండి, ఇతర బృందాల విలువతో పోల్చకండి.

## 8. జంటలు, కోణాలు

వక్రరేఖ లెక్క సులువు. రెండు పల్సర్ల మధ్య కోణపు కొసైన్‌ను 1 నుంచి తీసివేసి 2తో భాగించండి. వచ్చినదాన్ని క అనుకుంటే:

పోలిక విలువ = 1.5 × క × (క సహజ సంవర్గమానం) − 0.25 × క + 0.5

మీరు రాసిన ఫంక్షన్ సరైనదో కాదో ఈ విలువలతో సరిచూసుకోండి: కోణం 0కు దగ్గరగా ఉంటే 0.5. సుమారు 49 డిగ్రీల దగ్గర 0. సుమారు 82 డిగ్రీల దగ్గర అతి తక్కువ, −0.15. సుమారు 122 డిగ్రీల దగ్గర మళ్లీ 0. 180 డిగ్రీల దగ్గర 0.25.

ఇప్పుడు ఒక అభ్యాసం. జె1909−3744, జె1713+0747 మధ్య కోణం 53 డిగ్రీలు, పోలిక విలువ −0.03. ఎంతో ఖచ్చితమైన ఈ రెండు పల్సర్ల జంట వక్రరేఖ గురించి చెప్పేది దాదాపు ఏమీ లేదు, ఎందుకంటే అక్కడ రేఖ సున్నాను దాటుతోంది. జె1909−3744, జె0437−4715 మధ్య కోణం 88 డిగ్రీలకు పైన, విలువ −0.15. ఈ జంటకు చెప్పడానికి విషయం ఉంది. మీరు ఎంచుకున్న పల్సర్లన్నింటికీ ఇలా పట్టిక వేయండి. పల్సర్ల సంఖ్య కన్నా వాటి కోణాలు ఎలా పరచుకున్నాయన్నది ముఖ్యమని అప్పుడు తెలుస్తుంది.

67 పల్సర్లకు 2,211 జంటలు, 25కు 300, 14కు 91. అయిదారు పల్సర్లతో ఈ వక్రరేఖ రాదు. అభ్యాసం పూర్తయ్యాక ఈ అడుగుకు మొత్తం 67నీ తీసుకోవాలి.

రెండు దారులున్నాయి. అన్ని జంటల పోలికలను బరువులతో కలిపి ఒకే సంఖ్యగా తేల్చే ఆప్టిమల్ స్టాటిస్టిక్ పద్ధతి ల్యాప్‌టాప్‌లో త్వరగా పూర్తవుతుంది. ఉమ్మడి వర్ణపటం శృంఖలం నుంచి నాయిస్ విలువలు తీసుకుంటూ వేలసార్లు లెక్కించి సగటు చూడండి. బేయస్ పద్ధతిలో వక్రరేఖతో కూడిన నమూనా చాలా నెమ్మది. దానికి ఉపాయం ఉంది: పోలిక లేని నమూనా శృంఖలాన్ని ముందే నడిపారు కదా, అందులోని బిందువులకు మాత్రం పూర్తి నమూనా సంభావ్యత లెక్కించి బరువులు మార్చండి. వారాల పని రోజుల్లో అవుతుంది, తుపాను కాలంలో ఇది చిన్న వెసులుబాటు కాదు.

వక్రరేఖతోపాటు ఇంకో రెండు ఆకారాలను కూడా తప్పక పరీక్షించాలి. గడియారపు ప్రమాణంలో తప్పుంటే అన్ని జంటలకూ ఒకే పోలిక వస్తుంది. గ్రహస్థానాల పట్టికలో తప్పుంటే పోలిక కోణపు కొసైన్‌లా మారుతుంది. బృహస్పతి సూర్యుడి చుట్టూ తిరిగే కాలం 11.86 ఏళ్లు, దాని కక్ష్యలోని చిన్న పొరపాటు మన సంకేతం ఉండే పౌనఃపున్యాల్లోనే ఊగుతుంది. ఈ మూడింటిలో హెలింగ్స్–డౌన్స్ ఆకారమే గెలవాలి.

## 9. ఎంతవరకు నమ్మవచ్చు

ఫలితం యాదృచ్ఛికంగా వచ్చే అవకాశం ఎంతో తెలుసుకోవడానికి డేటాలోని పోలికను కావాలని చెరిపి మళ్లీ నడపాలి. ఒక పద్ధతిలో ప్రతి పల్సర్ ఫూరియర్ అంశాలకు యాదృచ్ఛిక దశలు కలుపుతారు. ఇంకో పద్ధతిలో పల్సర్ల స్థానాలను ఆకాశంలో యాదృచ్ఛికంగా మార్చి వక్రరేఖను లెక్కిస్తారు. ఇలా చెరిపిన డేటాల్లో ఎన్నింటికి అసలు ఫలితమంత బలం వచ్చిందో లెక్కపెట్టండి. వెయ్యిసార్లు చెరిపితే వెయ్యింట ఒకటి కన్నా చిన్న అవకాశం గురించి మాట్లాడే హక్కు మీకు లేదు.

నానోగ్రావ్ 15 ఏళ్ల డేటాలో వక్రరేఖ పక్షాన బేయస్ గుణకం (పోలిక లేని నమూనా కన్నా దీన్ని డేటా ఎన్ని రెట్లు సమర్థిస్తోందో చెప్పే సంఖ్య) నమూనాను బట్టి 200 నుంచి 1000 దాకా వచ్చింది. సిగ్మాలలో చెప్పాలంటే పద్ధతిని బట్టి 3 నుంచి 4 వరకు. మీది 200కు బదులు 150 వచ్చినా భయపడనక్కర్లేదు. 5 వచ్చినా, 50,000 వచ్చినా 5వ అడుగుకు తిరిగి వెళ్లండి.

## 10. తరచూ జరిగే పొరపాట్లు, వాటి సవరణ

ఏళ్లు ఎక్కువైతే ఫలితం తప్పక మెరుగవుతుందనుకోవడం. ఐరోపా బృందం ఇన్‌ప్టాతో కలిసి 25 పల్సర్ల మీద చేసిన విశ్లేషణలో 24.7 ఏళ్ల మొత్తం డేటాతో బేయస్ గుణకం 4 వచ్చింది. చివరి 10.3 ఏళ్లతోనే చేస్తే 60 వచ్చింది. పాత రిసీవర్లు చూసిన పౌనఃపున్యాల వెడల్పు తక్కువ గనుక డీఎం మార్పులను విడదీయడం కష్టమవుతుంది. మీరూ డేటాను కాలాన్ని బట్టి రెండుగా విడదీసి చూడండి.

జంటలను విడివిడి కొలతలుగా లెక్కించడం. 2,211 జంటలున్నా పల్సర్లు 67 మాత్రమే. ఒకే పల్సర్ పాలుపంచుకున్న జంటల విలువలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. కోణాల వారీగా గుత్తులు కట్టి గీసిన బొమ్మలో అనిశ్చితులు వేసేటప్పుడు ఈ ముడిని లెక్కలోకి తీసుకోండి.

ఒక పల్సర్ మీదే ఫలితం నిలబడడం. ఒక్కో పల్సర్‌ను తీసేస్తూ ఆప్టిమల్ స్టాటిస్టిక్‌ను మళ్లీ లెక్కించండి. ఒకటి తీయగానే ఫలితం కూలిపోతే దాని నాయిస్ నమూనా మళ్లీ చూడాలి.

శృంఖలం మొదటి భాగాన్ని ఉంచేసుకోవడం. మొదటి నాలుగో వంతు తీసేయండి. మిగిలినదాన్ని రెండు ముక్కలు చేసి రెండూ ఒకే సగటు ఇస్తున్నాయో చూడండి.

ఫలితం నచ్చలేదని ప్రయర్లు మార్చడం. మార్చవలసిన కారణం నిజంగా ఉంటే, పాత ఫలితాన్నీ పక్కనే ఉంచండి.

## 11. ఫలితం రాసేటప్పుడు

మీ నివేదికలో ఇవి లేకపోతే ఎవరూ సరిచూడలేరు:

- డేటా పేరు, వెర్షన్, ఏ పల్సర్లు, తీసేసినవి ఏవి, ఎందుకు
- గ్రహస్థానాల పట్టిక, గడియారపు ప్రమాణం
- ఒక్కో పల్సర్ నాయిస్ నమూనా
- తీవ్రత, పక్కనే వాలు, 68 శాతం అంతరం
- మూడు ఆకారాల పోలిక ఫలితం
- చెరిపి చూసిన పరీక్షలు ఎన్ని, వాటిలో దాటినవి ఎన్ని
- కృత్రిమ డేటా ఫలితాలు

సంకేతానికి కారణం కృష్ణబిలాల జంటలే అని రాయకండి. విశ్వం తొలిదశల నుంచి వచ్చే తరంగాలు కూడా ఇదే వక్రరేఖ ఇస్తాయి. కారణాన్ని వర్ణపటం ఆకారం నుంచి తేల్చాలి, ఇప్పటి కొలతలు అంత దూరం తీసుకెళ్లవు.

ఇక్కడిదాకా చేసినవారికి తర్వాతి పని సిద్ధంగా ఉంది. రెండు విడుదలల్లోనూ ఉన్న ఒక పల్సర్‌ను తీసుకుని, నానోగ్రావ్ కొలతలకు ఇన్‌ప్టా కొలతలను కలపండి. టెలిస్కోపుల మధ్య జంప్ పారామీటర్లు పెట్టండి. డీఎం మార్పుల అనిశ్చితి ఎంత తగ్గిందో, రెడ్ నాయిస్ వాలు ఎటు జరిగిందో చూడండి. ఇన్‌ప్టాలో పనిచేసేవారు ఐఐటీ హైదరాబాద్‌లోనూ ఉన్నారు. అక్కడ ప్రాజెక్టు కోసం రాసేటప్పుడు ఆసక్తి ఉందని మాత్రమే రాయకుండా, ఈ ఒక్క పల్సర్ నివేదికను, నడిపిన ప్రోగ్రామును జతచేసి పంపండి.